ఇల్లు అద్దెకిచ్చి చూడు

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఆ రెండు కార్యాలలోని సాధకబాధకాలు స్వయంగా అనుభవిస్తే తప్ప బోధపడవని వారి భావం. ఆ సామెత పుట్టిన కాలంలో కట్టుకున్న ఇంట్లో కట్టుకున్నవారే కాపురముండేవారు గనుక మూడవ కార్యమొకటి అందులో చేరలేదు కాబోలు. పదవీ విరమణ అనంతరం మా ఇంటి కింది వాటాను అద్దెకిచ్చి మూడవ సంవత్సరంలో అడుగుపెట్టిన దంపతులుగా, ఆ మూడవ కార్యాన్ని గురించి మన పత్రిక పాఠకులతో నాలుగు మాటలు పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

ఈ విషయం మన వంటి ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులకు మరింత సన్నిహితమైనది. పాత పద్ధతిలో ప్రభుత్వోద్యోగం చేసినవారికి చివరి జీతంలో సగం పింఛనుగా వచ్చింది. మనలో చాలామందికి ఆధారం 1995 నవంబరులో ప్రారంభమైన ఉద్యోగుల పింఛను పథకం. దాని సూత్రం సులభమైనదే: లెక్కకు తీసుకునే వేతనాన్ని సర్వీసు సంవత్సరాలతో హెచ్చించి 70తో భాగించాలి. 2014 సెప్టెంబరులో ఆ వేతనానికి నిర్ణయించిన పరిమితి 15,000 రూపాయలు. ఆ పరిమితి మేరకే చందా చెల్లించిన ఉద్యోగికి 35 సంవత్సరాల సర్వీసు ఉన్నప్పటికీ వచ్చే మొత్తం నెలకు 7,500 రూపాయలు దాటదు. కనుకనే మన సహోద్యోగులలో అనేకులు భవిష్యనిధి సొమ్ముతోనో, గృహనిర్మాణ రుణంతోనో ఒక వాటా అదనంగా కట్టుకొని, దాని అద్దెనే రెండవ పింఛనుగా భావిస్తారు. మేమూ అలాగే భావించాము.

విశాఖపట్నంలో, గాజువాక వైపు 150 గజాల స్థలంలో ఉద్యోగకాలంలోనే కింది వాటా కట్టాము. విరమణకు ముందు బ్యాంకు రుణంతో పై వాటా వేసి, క్వార్టరు ఖాళీ చేసి అందులోకి చేరాము. రుణపు వాయిదా నెలకు 7,400 రూపాయలు. కింది వాటా అద్దె 9,000 రూపాయలు. కాగితం మీద ఈ రెండు అంకెలను పక్కపక్కన వేసుకున్నప్పుడు మాకు కలిగిన నిశ్చింత ఇంతా అంతా కాదు.

టౌన్‌షిప్పులో మూడు దశాబ్దాలు గడిపినవారికి అద్దె ఇంటి యజమాని కావడంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. అక్కడ కుళాయి కారితే మెయింటెనెన్సు ఆఫీసుకు వెళ్లి ఫిర్యాదుల పుస్తకంలో ఒక వాక్యం రాసి వచ్చేవారము. ఎప్పుడో ఒకప్పుడు మనిషి వచ్చేవాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నగరాన్ని తాకినప్పుడు మా క్వార్టరు కిటికీ అద్దాలు పగిలిపోతే వాటిని బాగుచేయించినది సంస్థే. మేము చేసినదల్లా వరుసలో నిలబడి పేరు రాయించుకోవడం. ఇప్పుడు ఆ పుస్తకం మా ఇంటికే వచ్చింది. రాసేవారు కింది వాటాలో ఉన్నారు, చదివి కదలవలసినవారము మేము.

మొదటి పరీక్ష అద్దెకుండేవారిని ఎంచుకోవడంలోనే ఎదురైంది. టు-లెట్ బోర్డు కట్టిన వారం రోజులలో ఇరుగుపొరుగువారు మాకొక ప్రశ్నావళి తయారుచేసి ఇచ్చారు. ఏమిట్లో అడగండి, మాంసం తింటారేమో అడగండి, చుట్టాలు ఎక్కువగా వస్తారేమో కనుక్కోండి, పెళ్లికానివారైతే గుమ్మంలోనుంచే పంపేయండి అన్నారు. మేము ముప్ఫై సంవత్సరాలు నివసించిన వరుసలో ఒక ప్రక్క ఒడియా కుటుంబం, మరొక ప్రక్క మలయాళీ కుటుంబం, ఎదుట బెంగాలీ వారు ఉండేవారు. ఎవరి వంటింటి వాసన వారిది. పండుగనాటి పిండివంట మాత్రం అందరిదీ. ఆ క్వార్టర్లను సంస్థ కులం చూసి కేటాయించలేదు. అటువంటి చోట పిల్లలను పెంచుకొని వచ్చిన మేము, సొంత గుమ్మం దగ్గర నిలబడి ఆ ప్రశ్నలు అడగలేకపోయాము. ఎంతమంది ఉంటారు, ఎక్కడ పనిచేస్తారు, ఎంతకాలం ఉండదలచుకున్నారు అన్న మూడింటితోనే సరిపెట్టుకున్నాము. గుర్తింపు పత్రం నకలు తీసుకొని, వివరాలు పోలీసు స్టేషనులో తెలియజేశాము. ఇల్లు నెలన్నర ఖాళీగా ఉన్న తరువాత ఒక కాంట్రాక్టరు వద్ద ఫిట్టరుగా పనిచేసే యువకుడు భార్యతో, ఇద్దరు పిల్లలతో వచ్చి చేరాడు.

పిమ్మట కాగితాల సంగతి. మన దేశంలో అద్దె ఒప్పందం అనగానే 11 నెలలు అన్న మాట అందరి నోటా వినిపిస్తుంది. దీనికి మూలం 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం. సంవత్సరానికి మించిన కాలానికి ఇచ్చే కౌలును ఆ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి గనుక, ఆ అవసరం రాకుండా ఒక నెల తగ్గించి రాసుకోవడం ఆచారమైంది. అయితే మన తెలుగునాట 1999లో వచ్చిన సవరణతో, కాలపరిమితి ఎంతైనా స్థిరాస్తి కౌలు పత్రాన్ని రిజిస్టరు చేయించవలసిందే. ఇతర రాష్ట్రాలలోని మన యూనిట్ల మిత్రులు చెప్పే 11 నెలల ఉపాయం ఇక్కడ యథాతథంగా పనికిరాదన్నమాట. మేము కొంత ఖర్చయినా పత్రాన్ని రిజిస్టరు చేయించాము. తరువాత ఒక క్లిష్ట సమయంలో ఆ కాగితం మాకు మాత్రమే కాక వారికి కూడా ధైర్యాన్నిచ్చింది.

ఇంకొక భయం కూడా జనంలో బలంగా ఉన్నది. పన్నెండేళ్లు అద్దెకుంటే ఇల్లు వారిదైపోతుందని చెప్పి మమ్మల్ని బెదరగొట్టినవారు ఒక్కరు కాదు. 1963 నాటి కాలపరిమితి చట్టంలో 12 సంవత్సరాల గడువు ఉన్న మాట నిజమే. కాని అది యజమాని హక్కును ధిక్కరించి, తనదేనని బహిరంగంగా ఆక్రమించుకున్నవారికి సంబంధించినది. అద్దెకుండేవారు మన అనుమతితోనే ఉన్నారు. పైగా, ఎవరి వద్ద ఇల్లు అద్దెకు తీసుకున్నారో ఆ యజమాని హక్కును అద్దెదారుగా ఉంటూ కాదనరాదన్న సూత్రం 1872 నాటి సాక్ష్య చట్టంలోనే ఉంది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ అది కొనసాగింది. ఈ భయంతోనే రెండేళ్లకొకసారి మంచివారిని సైతం ఖాళీ చేయించే యజమానులు ఉన్నారు. ఖాళీ చేయించిన ప్రతిసారీ సున్నాలు, రంగులు, నెలా రెండు నెలల అద్దె నష్టం భరించేది వారే.

భయం పూర్తిగా నిరాధారమని మేము అనము. స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దాలలో వచ్చిన అద్దె నియంత్రణ చట్టాలు, 1947 నాటి బొంబాయి చట్టం, 1958 నాటి ఢిల్లీ చట్టం, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం వంటివి, ఇళ్లకు కరువు వచ్చిన రోజులలో అద్దెదారులను కాపాడడానికి ఉద్దేశించినవి. బొంబాయి వంటి నగరాలలో పాత అద్దెలు తరాల తరబడి కదలకపోవడంతో యజమానులు మరమ్మతులు మానుకున్నారు. కొత్తగా అద్దెకిచ్చేవారు వెనుకాడారు. 2011 జనగణన నాటికి దేశంలోని పట్టణాలలో కోటికి పైగా ఇళ్లు ఖాళీగా ఉన్నట్లు లెక్క తేలింది. ఒకవైపు తల దాచుకోవడానికి చోటు లేనివారు, మరొకవైపు తాళం వేసిన తలుపులు. ఈ పరిస్థితిని మార్చే ఉద్దేశంతో 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఒక నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. నివాసగృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదని దానిలో ఉన్నది. బెంగుళూరులో పది నెలల అద్దె అడ్వాన్సుగా ఇచ్చి ఇల్లు తీసుకున్న మన ఉద్యోగుల పిల్లలకు ఈ నిబంధన విలువ వేరే చెప్పనక్కరలేదు. మేము కూడా రెండు నెలల అద్దె, అనగా 18,000 రూపాయలు మాత్రమే తీసుకున్నాము.

ఇక జమాఖర్చుల విషయం. కొత్తగా అద్దెకివ్వదలచినవారికి ఉపయోగపడుతుందని మా మొదటి సంవత్సరపు ఖాతాను దాచకుండా ఇక్కడ ఉంచుతున్నాము. ఇల్లు నెలన్నర ఖాళీగా ఉన్నందున చేతికి వచ్చిన అద్దె 94,500 రూపాయలు. ఇంటి పన్ను 5,800. రంగులకు 18,000. స్నానాలగది గోడలోకి నీరు దిగితే పలకలు తీయించి తిరిగి వేయించడానికి 14,000. నీటి మోటారు కాలిపోతే వైండింగుకు 3,200. సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయించడానికి 2,500. ఖర్చు మొత్తం 43,500 పోగా మిగిలినది 51,000 రూపాయలు. పన్నెండు నెలలకు సర్దితే నెలకు 4,250. వాయిదా మాత్రం 7,400గానే ఉన్నది. ఆదాయపు పన్ను లెక్కలో చెల్లించిన ఇంటి పన్నును తీసివేసి, మిగిలినదానిలో నూటికి 30 వంతులు మినహాయిస్తారు. మరమ్మతులకు అసలు ఎంత అయిందన్నదానితో ఆ మినహాయింపునకు సంబంధం లేదు. మాకు మరమ్మతులకు, రంగులకు 37,700 అయినా మినహాయింపుగా దక్కినది 26,610 మాత్రమే. ఖర్చు లేని సంవత్సరంలో ఇదే సూత్రం లాభించవచ్చు.

సముద్రతీరపు ఊళ్లలో ఇల్లు ఉన్నవారు మరొక శత్రువును కూడా లెక్కలో వేసుకోవాలి. అది ఉప్పుగాలి. కిటికీ ఊచలు, గేటు, స్లాబులోని ఇనుము ఆ గాలికి తుప్పు పట్టి ఉబ్బితే పైనున్న సిమెంటు పెచ్చులుగా రాలుతుంది. చిన్న పగులుగా ఉన్నప్పుడే పూడిస్తే వందలతో పోయేది, వదిలివేస్తే వేలు అడుగుతుంది. అద్దెదారు ఫిర్యాదు చేసేవరకు ఆగే యజమాని తన ఆస్తికే నష్టం తెచ్చుకుంటాడు. విద్యుత్తు మీటరు కూడా ప్రతి వాటాకు వేరుగా ఉండడం శ్రేయస్కరం. ఒకే మీటరు మీద రెండు కుటుంబాలు వాడుకుంటే యూనిట్లు కలిసి పై శ్లాబులోకి వెళ్తాయి. ఆ అదనపు సొమ్ము ఎవరిదన్న వాదం ప్రతి నెలా తలెత్తుతుంది.

ఇవన్నీ డబ్బుతో, కాగితాలతో తీరే సమస్యలు. వీటికంటే కష్టమైనది మనసుకు సంబంధించినది. అద్దెకిచ్చిన మరునాటి నుండి ఆ ఇల్లు ఆస్తిగా మనదే కాని, కాపురంగా వారిది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, అద్దె చెల్లిస్తూ షరతులు పాటిస్తున్నంతకాలం ఇంటిని ఆటంకం లేకుండా అనుభవించే హక్కు అద్దెదారుకు ఉన్నది. నమూనా చట్టం ప్రకారం యజమాని లోపలికి రావాలంటే 24 గంటల ముందు తెలియజేయాలి. చట్టం ఇంత స్పష్టంగా చెప్పినా, మన చేతులతో తడిపి క్యూరింగు చేసిన గోడకు ఎవరో మేకు కొడుతున్న చప్పుడు పై వాటాలో కూర్చొని వినడం తేలిక కాదు. ఆ మేకు వారి దేవుడి పటానికని తెలిసిన తరువాత మా మనసు కొంత కుదుటపడింది. క్వార్టరులో మేమెన్ని మేకులు కొట్టామో ఆ రాత్రి ఇద్దరం కూర్చొని లెక్కపెట్టుకున్నాము. ఇరవై దాటాయి.

అసలు పరీక్ష రెండవ సంవత్సరం శీతాకాలంలో వచ్చింది. నవంబరులో ఆ యువకుడు పనిచేసే కాంట్రాక్టు ముగిసిపోయింది. డిసెంబరు అద్దె రాలేదు. జనవరిదీ రాలేదు. రెండు నెలల బాకీతో అడ్వాన్సు సరిగ్గా చెల్లిపోయింది. అతని భార్య ఇంట్లో కుట్టుమిషను మీద రవికలు కుట్టి వచ్చినదానితో సంసారం నడుపుతున్నది. పెద్దమ్మాయి పదవ తరగతి, మార్చిలో పరీక్షలు. ఫిబ్రవరి మొదటి వారంలో దంపతులిద్దరూ పైకి వచ్చారు. "బాబాయి గారూ, పిల్ల పరీక్షలయ్యేదాకా మమ్మల్ని కదిలించకండి. ఆ తరువాత మీరెలా అంటే అలా" అన్నాడతను. ఆమె మాట్లాడకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

సలహాలకు కొదవ లేకపోయింది. మోటారు ఆపేయండి, నాలుగు రోజులకు వారే పోతారన్నారు కొందరు. ఫ్యూజు తీసేయమన్నారు మరికొందరు. బాకీ వసూలు కోసం నీరు, విద్యుత్తు వంటి అత్యవసర సౌకర్యాలను నిలిపివేయడాన్ని నమూనా చట్టం స్పష్టంగా నిషేధించింది. అద్దె రాకపోతే నోటీసు ఇచ్చి తగిన అధికారిని ఆశ్రయించడమొక్కటే సక్రమమైన దారి. చట్టం మాట అటుంచి, పరీక్షకు చదువుకునే పిల్ల గదిలో దీపం ఆర్పి పైన మేము నిద్రపోగలమా అన్నది మాకు ముందుగా తోచిన ప్రశ్న.

అయితే దయకు కూడా ఒక లెక్క ఉంటుంది. మాలో ఒకరు, వారిని అలాగే ఉండనిద్దాము, దేవుడున్నాడన్నారు. మరొకరు, దేవుడు బ్యాంకు వాయిదా కట్టడు గదా అన్నారు. రెండు రాత్రులు ఈ చర్చ సాగింది. రెండు మాటలలోనూ నిజం ఉన్నది. చివరికి ఒక కాగితం మీద వారి ఎదుటనే రాసుకున్నాము. ఏప్రిల్ నెలాఖరు వరకు ఉండవచ్చు. మూడు నెలలూ నెలకు 4,000 చొప్పున చెల్లించాలి. తక్కిన 15,000 పని దొరికిన తరువాత వాయిదాలుగా పంపాలి. మే మొదటి తేదీన తాళాలు అప్పగించాలి. ఉభయులమూ సంతకాలు చేశాము. ఆ మూడు నెలల వాయిదాలకు మాకు సొమ్ము చాలక ఒక డిపాజిట్టును గడువుకు ముందే తీసి, వడ్డీ కొంత కోల్పోయాము.

వారు మాట నిలబెట్టుకున్నారు. 4,000 చొప్పున మూడు నెలలూ ఆమె స్వయంగా తెచ్చి ఇచ్చింది. అందులో పది రూపాయల నోట్లు కూడా ఉండేవి. అమ్మాయి పరీక్షలు రాసింది. అతనికి గుజరాత్‌లో ఒక నిర్మాణ పనిలో కుదిరింది. ఏప్రిల్ 30న ఇల్లు కడిగి, ముగ్గు వేసి, తాళాలు ఇచ్చి వెళ్లారు. తరువాత నెలకు 2,000 చొప్పున అయిదు నెలలు పంపాడు. మిగిలిన 5,000 ఇంకా రావలసి ఉన్నది. మా ఖాతా పుస్తకంలో ఆ పద్దు అలాగే ఉంది. కొట్టివేయలేదు, ఫోను చేసి అడగనూ లేదు.

ఈ అనుభవం నుండి మేము గ్రహించినది ఒకటే. అద్దె అనేది బ్యాంకు వడ్డీ వంటిది కాదు. వడ్డీ ఎవరి జ్వరంతోనూ, ఎవరి ఉద్యోగంతోనూ సంబంధం లేకుండా నిర్ణీత తేదీన జమ అవుతుంది. అద్దె మరొక కుటుంబపు సంపాదనలోనుంచి రావాలి. వారి ఇంట్లో పొయ్యి వెలిగితేనే మన వాయిదా తీరుతుంది. చిన్న యజమానికి ఒక్క వాటాయే ఉంటుంది గనుక వారి కష్టం మరునెలకే మన కష్టమవుతుంది. పది ఇళ్లున్నవానికి ఒకటి తప్పినా తొమ్మిది ఉంటాయి. మనకు ఆ వెసులుబాటు లేదు.

కనుక విరమణకు దగ్గరలో ఉండి, వాటా వేసి అద్దెకివ్వాలని యోచిస్తున్న సహోద్యోగ మిత్రులకు మా మనవి. పన్నెండు నెలల అద్దెను ఆదాయంగా లెక్కించవద్దు. పది నెలలదే లెక్కించి, అందులోనుంచి మరమ్మతులకు కొంత ప్రక్కన పెట్టండి. అద్దె మొత్తం వాయిదాకే సరిపోయేటట్లు రుణం తీసుకోవద్దు. ఆరు నెలల వాయిదాల సొమ్ము వేరుగా ఉంటే, ఎదుటివారికి కష్టం వచ్చిననాడు న్యాయంగా ప్రవర్తించగల స్తోమత మనకు ఉంటుంది. పత్రాన్ని రిజిస్టరు చేయించండి. అద్దె ముట్టిన ప్రతిసారీ రసీదు ఇవ్వండి. ఇల్లు అప్పగించేనాడు కుళాయిలు, ఫ్యానులు, తాళాలు ఎన్ని ఉన్నాయో రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. ఇంట్లో ఒక ఫిర్యాదుల పుస్తకం పెట్టండి. అందులో తేదీ, ఫిర్యాదు, బాగుచేయించిన రోజు అన్న మూడు గడులు చాలు. మన సంస్థలో నేర్చుకున్న ఆ చిన్న అలవాటు మాకు ఇక్కడ ఎంతో ఉపకరించింది.

ప్రస్తుతం కింది వాటాలో ఒక ఉపాధ్యాయిని, ఆమె తల్లి ఉంటున్నారు. మొన్న సోమవారం పుస్తకంలో వంటింటి కుళాయి కారుతున్నదని రాశారు. బుధవారం ప్లంబరు వచ్చి వాషరు మార్చాడు. ఖర్చు 150 రూపాయలు.